ఎవరు తగలబెట్టారు? క్రైమ్ సీరియల్ రచయితలకు అగ్ని దర్యాప్తు పాఠం

(క్రైమ్ సీరియల్స్, వెబ్ సిరీస్‌లు రాసేవాళ్ల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. చివరి ప్రశ్నలు కొన్ని కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ముందు ఒక ఎపిసోడ్ కథ చెబుతాను. అమెరికా ఫైర్‌స్టేషన్ సీరియల్స్ చూసేవాళ్లకు ఇది కంఠస్థం. రాత్రిపూట ఒక ఖాళీ గోడౌన్ తగలబడుతుంది. మన టీమ్ వెళ్లి ఆర్పుతుంది. మర్నాడు ఇన్వెస్టిగేటర్ వచ్చి బూడిదలోంచి ఒక లైటర్ తీస్తాడు. అది టీమ్‌లో కుర్రాడిది. వాడి లాకర్ తెరిస్తే పెట్రోల్ వాసన కొట్టే టీషర్టు. కెప్టెన్ బ్యాడ్జి తీసేసుకుంటాడు. మిగతా నలుగురూ ‘మనవాడు అలాంటివాడు కాదు’ అని సొంతంగా దర్యాప్తుకి దిగుతారు. నలభయ్యో నిమిషంలో గోడౌన్ ఓనరో, పాత పగవాడో దొరుకుతాడు. కౌగిలింతలు, టైటిల్స్.

నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఆ నలభై నిమిషాలూ అందరూ ‘ఎవరు పెట్టారు’ అంటూ పరిగెత్తారు గాని, అసలు ఎవరైనా పెట్టారా అని ఒక్కరూ అడగలేదు. ఇన్వెస్టిగేటర్ నోటి నుంచి ‘ఆర్సన్’, అంటే కావాలని నిప్పు పెట్టడం, అన్న మాట రాగానే అది వేదమైపోయింది. హత్య కథలో శవం ఉంటుంది, ఒంటిమీద కత్తిపోటు ఉంటుంది. నేరం జరిగిందని కళ్లకి కనబడుతుంది. నిప్పు కథలో నేరం జరిగిందా లేదా అన్నదే ఒక మనిషి అభిప్రాయం. ఆ అభిప్రాయం తప్పయితే నేరమే లేనిచోట నేరస్థుడు తయారవుతాడు. నింద పడ్డవాడి మీద ఊరంతా విసిరే సామెత ఉంది కదా, నిప్పు లేనిదే పొగ రాదని. ఈ గంటసేపు దాన్ని చెప్పులతోపాటు బయట వదిలేసి కూర్చోండి.

తప్పు ఎక్కడ జరుగుతుందో తెలియాలంటే ఒక గది ఎలా కాలుతుందో తెలియాలి. ఒక మామూలు హాలు అనుకోండి, పన్నెండుకు పద్నాలుగు అడుగులు. ఫోమ్ సోఫా, కర్టెన్లు, టీవీ యూనిట్. సోఫా మూలకి నిప్పంటుకుంది. దాంట్లోంచి లేచిన వేడి పొగ పైకి పోయి సీలింగ్ కింద పరుచుకుంటుంది. క్షణక్షణానికీ ఆ పొర మందమవుతూ కిందికి దిగుతుంది. దాని వేడి 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోకి వచ్చేసరికి, పైనుంచి నేలమీదికి చదరపు మీటరుకు 20 కిలోవాట్ల చొప్పున సెగ కొడుతుంది. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు ఒక కిలోవాట్. దానికి ఇరవై రెట్లు! ఆ సెగకి మంట తాకని వస్తువులు కూడా, అవతలి మూలనున్న కుర్చీ, నేలమీది కార్పెట్, చెప్పుల స్టాండు, అన్నీ ఆవిర్లు కక్కి ఒక్కసారిగా గుప్పుమంటాయి. దీన్నే ఫ్లాషోవర్ అంటారు.

దీనికి ఎంతసేపు పడుతుంది? పాతకాలపు దూది, చెక్క, నూలు సామానున్న గదికీ, ఇప్పటి ఫోమ్, పాలిస్టర్ సామానున్న గదికీ పోటీ పెట్టినట్టు అమెరికాలో వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ పక్కపక్కన కాల్చి చూసింది. పాత గదికి దాదాపు అరగంట పట్టింది. కొత్త గది నాలుగు నిమిషాలలోపే గుప్పుమంది. పెట్రోల్ చుక్క లేదు, కిరసనాయిలు లేదు. ‘ఇంత త్వరగా అంటుకుందంటే ఏదో పోసే ఉంటారు’ అన్న డైలాగు మీ స్క్రిప్టులో ఎక్కడైనా ఉంటే, అది ఏ పాత్ర నోట వస్తోందో చూసుకోండి. అది తప్పు చేస్తున్న పాత్ర అయితే ఉంచండి. తెలివైన పాత్ర అయితే కొట్టేయండి.

ఫ్లాషోవర్ అయ్యాక ఆట నియమాలు మారతాయి. గదిలో కాలడానికి సరుకు బోలెడుంటుంది, గాలి చాలదు. గాలి వచ్చే చోటే మంట ఉధృతంగా ఉంటుంది. అంటే తలుపు దగ్గర, పగిలిన కిటికీ కింద. గుమ్మం దగ్గర నేల లోతుగా కాలుతుంది, కార్పెట్ మీద అంచులు వంకరటింకరగా మడుగు ఆకారపు గుర్తులు పడతాయి. నిప్పు మొదలైన చోటు ఎక్కడో సోఫా మూలనుంటే, ఎక్కువ కాలింది గుమ్మం దగ్గర. ఇప్పుడు ఈ శాస్త్రం తెలియని ఇన్వెస్టిగేటర్ని అక్కడ నిలబెట్టండి. ‘మంట పైకే పోతుంది కదా, నేల ఇంత కాలిందంటే ద్రవం పోశారు. గుమ్మం దగ్గర పోశారంటే లోపలివాళ్లు బయటికి రాకూడదనే’ అంటాడు. ఆ ఒక్క వాక్యంతో ప్రమాదం హత్యగా మారిపోయింది.

నేను కల్పించి చెప్పడం లేదు. 1990 అక్టోబర్‌లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, లైమ్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు కాలి ఆరుగురు చనిపోయారు. ఇంటాయన చిన్న కొడుకుతో బయటపడ్డాడు. పిల్లాడు సోఫా దగ్గర నిప్పుతో ఆడుతుంటే అంటుకుందన్నాడు. నేలమీద మడుగు గుర్తులున్నాయి కాబట్టి పెట్రోల్ పోశాడని కేసు. ప్రాసిక్యూషన్ తన వైపు నుంచే జాన్ లెంటిని, జాన్ డీహాన్ అనే నిపుణులను పెట్టుకుంది. వాళ్లేం చేశారంటే, పక్కనే కూల్చివేతకు సిద్ధంగా ఉన్న అలాంటి ఇల్లే తీసుకుని, అలాంటి సోఫా, అలాంటి కార్పెట్ వేయించి, సోఫాకి నిప్పు పెట్టి గడియారం చూశారు. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుందనుకున్నారు. నాలుగున్నర నిమిషాల్లో గది గుప్పుమంది. ఆరాక చూస్తే నేలమీద అవే మడుగు గుర్తులు. ఆయన మీద కేసు ఎత్తేశారు. పరీక్ష చేయించింది నేరం మోపిన పక్షమే అన్నది మర్చిపోకండి. మీ ఎపిసోడ్‌లో ఇన్వెస్టిగేటర్ని విలన్ చేయాల్సిన పనిలేదు. తన నమ్మకాన్ని తనే పరీక్షకు పెట్టే మనిషిగా చూపిస్తే అంతకంటే పెద్ద మలుపు ఉండదు.

రెండో కేసులో ఆ పరీక్ష జరగలేదు. 1991 డిసెంబర్ 23, టెక్సస్‌లోని కోర్సికానా అనే చిన్న ఊరు. కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ ఇల్లు కాలి ముగ్గురు ఆడపిల్లలు చనిపోయారు. ఒకరికి రెండేళ్లు, మిగతా ఇద్దరు ఏడాది వయసు కవలలు. దర్యాప్తు చేసినవాళ్లు ఇరవైకి పైగా ‘ఆర్సన్ గుర్తులు’ లెక్కపెట్టారు. కిటికీ అద్దం సాలెగూడులా పగిలింది, అంటే విపరీతమైన వేడి, అంటే ద్రవం పోశారు. గుమ్మం దగ్గరి అల్యూమినియం పట్టీ కరిగింది, అంటే మళ్లీ ద్రవం.

ఈ రెండింటినీ కాస్త దగ్గరగా చూద్దాం. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. కట్టెల మంట కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. దానికి పెట్రోలే అక్కర్లేదు. ఇక అద్దం సంగతి. 1991లోనే కాలిఫోర్నియాలో ఓక్లాండ్ కొండల మీద ఇళ్లు వరసగా తగలబడ్డాయి. అది అడవి మంట లాంటిది, ఇంటింటికీ ఎవరూ పెట్రోల్ పోయలేదు. లెంటిని బృందం అక్కడ 50 ఇళ్లు వెతికితే కొన్నింట్లో ఈ సాలెగూడు అద్దాలే దొరికాయి. తర్వాత ల్యాబ్‌లో అద్దాన్ని ఎంత గబగబా వేడిచేసినా ఆ పగుళ్లు రాలేదు. వేడెక్కిన అద్దం మీద నీళ్లు పడ్డప్పుడు వచ్చాయి. అర్థమైందా? ఇన్వెస్టిగేటర్ నేరస్థుడి చేతిరాత అనుకున్నది ఫైరింజన్ హోసు చేతిరాత! టీమ్ కథ రాసేవాళ్లకి ఇంతకంటే కావల్సిందేముంది? మనవాడి మీద వాడిన సాక్ష్యం మనవాళ్లే ఆర్పుతూ తయారుచేశారు.

విల్లింగ్‌హామ్ ఇంటి ముందు వరండాలో తీసిన ఒక్క శాంపిల్లో మాత్రం పెట్రోలియం ద్రవం ఆనవాలు దొరికింది. ఆ వరండాలో బొగ్గుల గ్రిల్ ఉండేది, దాన్ని రాజేసే ద్రవం సీసా ఉండేది. మిగతాదంతా నడవడిక సాక్ష్యం. కారు మంటలకి దూరంగా జరుపుకున్నాడు, ఏడవాల్సినంత ఏడవలేదు, గోడమీద రాక్ సంగీతం పోస్టర్లున్నాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని మనం అనే రకం సాక్ష్యం. జైల్లో తనతో ఒప్పుకున్నాడని చెప్పడానికి ఒక ఖైదీ కూడా దొరికాడు. 1992 ఆగస్టులో శిక్ష పడింది. 2004 ఫిబ్రవరి 17న మరణశిక్ష అమలైంది. దానికి కొద్దిరోజుల ముందు జెరాల్డ్ హర్స్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ గుర్తుల్లో ఒక్కటీ నిలవదని రాసిచ్చాడు. ఫలితం లేకపోయింది. 2009లో టెక్సస్ ఫోరెన్సిక్ కమిషన్ కోసం క్రెయిగ్ బేలర్ ఇచ్చిన నివేదిక కూడా ఆర్సన్ అనడానికి శాస్త్రీయ ఆధారం లేదనే తేల్చింది. దాదాపు అలాంటి గుర్తులతోనే శిక్షపడ్డ ఎర్నెస్ట్ విల్లిస్ అనే మరో టెక్సస్ ఖైదీ అదే 2004లో, అక్టోబర్‌లో, విడుదలై ఇంటికెళ్లాడు.

విచిత్రమేమిటంటే అమెరికాలో అగ్ని దర్యాప్తుకి ఇప్పుడు ప్రమాణంగా వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 921 అనే మార్గదర్శి తొలి ముద్రణ వచ్చింది కూడా 1992లోనే. అది వచ్చిన కొత్తలో పాత ఇన్వెస్టిగేటర్లు చాలామంది దాన్ని దగ్గరికి రానివ్వలేదు. మా అనుభవం మాకుంది అన్నారు. అనుభవం ఎంతవరకు పనిచేస్తుందో కొలిచిన పరీక్ష ఒకటుంది. 2005లో లాస్ వేగాస్‌లో ఒకే రకం పడగ్గదులు రెండు కట్టి, నిప్పు పెట్టి, ఫ్లాషోవర్ తర్వాత రెండేసి నిమిషాలు కాలనిచ్చి ఆర్పారు. 53 మంది ఇన్వెస్టిగేటర్లను పిలిచి, గదిని నాలుగు భాగాలు చేసుకుని ఏ భాగంలో మొదలైందో చెప్పమన్నారు. మొదటి గదిలో ముగ్గురు సరిగ్గా చెప్పారు. రెండో గదిలోనూ ముగ్గురే. కళ్లు మూసుకుని వేలుపెట్టినా పదమూడు మందికి తగలాలి కదా! అంటే వాళ్లకి తెలియకపోవడం కాదు, తెలుసనుకున్నది తప్పుదారి పట్టించింది.

దీనికి తోడు ఇంకో జబ్బుంది. ‘వైరింగ్ బాగుంది, గ్యాస్ లీకు లేదు, సిగరెట్ ముక్క లేదు, కాబట్టి ఎవడో పెట్టాడు’ అనడం. ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ పోయి, మిగిలినదానికి రుజువేమీ లేకపోయినా నేరమనడం. 921 మార్గదర్శి 2011 ముద్రణ ఈ పద్ధతిని పేరు పెట్టి తోసిపుచ్చింది. కారణం తేలకపోతే ‘తేలలేదు’ అని రాయమంది.

మన దగ్గర ఇదే జబ్బు తిరగబడి కనిపిస్తుంది. మంట ఆరకముందే ‘షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమిక నిర్ధారణ’ అని టీవీలో స్క్రోలింగ్ వచ్చేస్తుంది. బూడిదలో రాగి తీగ చివర గుండు పూసలా కరిగి ఉంటే చాలు, అదిగో షార్ట్ అంటారు. నిజానికి మంట వచ్చి తీగ మీది ప్లాస్టిక్‌ని కాల్చినా ఆ రెండు తీగలూ తగులుకుని అలాంటి పూసే ఏర్పడుతుంది. ఆ పూస గట్టిగా చెప్పేది ఒక్కటే, ఆ క్షణానికి ఆ తీగలో కరెంటు ఉందని. ఊళ్లలో గడ్డివాము కాలితే మాత్రం షార్ట్ సర్క్యూట్ ఊసుండదు, పగవాడి పేరు వినిపిస్తుంది. తడి ఆరని గడ్డిని కుప్పేస్తే లోపల వేడి పుట్టి దానంతటది అంటుకోవచ్చని ఎవరూ అనుకోరు.

సరే, ఇప్పుడు ల్యాబ్ సీన్. సీరియల్స్‌లో ఇన్వెస్టిగేటర్ ఒక బొగ్గు ముక్క వాసన చూసి ‘పెట్రోల్’ అంటాడు. దాన్ని పాలిథీన్ కవర్లో వేస్తాడు. సాయంత్రానికి రిపోర్ట్. ఇందులో మూడు తప్పులు. కాలిన ఫోమ్, కార్పెట్, రెగ్జిన్ ఇవన్నీ తమంతట తామే పెట్రోల్లాంటి ఆవిర్లు వదులుతాయి, అందుకని ముక్కు సాక్ష్యం కాదు. మామూలు పాలిథీన్ కవర్లోంచి పెట్రోల్ ఆవిరి బయటికి పోతుంది, పక్క కవర్లోది లోపలికి వస్తుంది. వాడాల్సింది కొత్త పెయింట్ డబ్బా, ఎప్పుడూ పెయింట్ పోయనిది, గట్టిగా బిగిసే రేకు మూతతో. గాజు సీసా అయినా ఫర్వాలేదు గాని మూతకి రబ్బరు ఉండకూడదు. డబ్బాలో మూడింట రెండు వంతులే నింపాలి. పైన ఖాళీ ఎందుకంటే, ల్యాబ్‌వాళ్లు పరీక్షించేది ఆ ఖాళీలో చేరిన ఆవిరిని. ప్రతి శాంపిల్‌కీ గ్లోవ్స్ మార్చాలి. పార కూడా కడగాలి.

ల్యాబ్‌లో ఆ డబ్బాలో ఒక చిన్న యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టీ వేలాడదీసి, 60 నుంచి 80 డిగ్రీల వేడిలో మామూలుగా ఒక రాత్రంతా ఉంచుతారు. ఆవిరిని పట్టీ పీల్చుకుంటుంది. పట్టీని ద్రావకంలో కడిగి, ఆ చుక్కని, అందులోని రసాయనాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రంలో పెడతారు. బయటికి వచ్చేది పేరు కాదు, గ్రాఫు. కిరోసిన్ అయితే దువ్వెన పళ్లలా సమానమైన ఎడంతో శిఖరాలు వరసకడతాయి. పెట్రోల్ అయితే ఆరోమాటిక్ రసాయనాల శిఖరాలు గుంపులు గుంపులుగా, ఒక్కో గుంపుకీ ఒక్కో ఆకారంతో వస్తాయి. మంటలో తేలిక భాగం ముందు ఎగిరిపోతుంది కాబట్టి గ్రాఫు ఎడమవైపు బోసిపోయి, కుడివైపు మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని చూసి నిపుణుడు తేల్చాలి. ఇంత చేసినా ల్యాబ్ చెప్పేది ‘ఈ డబ్బాలో పెట్రోల్ అవశేషం ఉంది’ అని మాత్రమే. అది ఎప్పుడు పడింది, ఎవరు పోశారు, మంట దాంతోనే మొదలైందా అన్నవి ఏ యంత్రమూ చెప్పదు. బండి పార్క్ చేసిన చోట నేల గీరి పంపితే పెట్రోల్ రాక ఇంకేం వస్తుంది?

అందుకే పోల్చడానికి ఇంకో డబ్బా కావాలి. అదే కార్పెట్, అదే చెక్క, మంట తగలని చోటునుంచి. బీరువా కింద, తలుపు వెనక. కాలిన ముక్కలో కనబడ్డ శిఖరాలే కాలని ముక్కలోనూ ఉంటే, అవి ఆ వస్తువు తయారీలో వాడిన జిగురువో, పాలిష్‌వో అని తేలుతుంది.

మన ఇళ్లలో కార్పెట్ తక్కువ, టైల్స్, గ్రానైట్, గచ్చు ఎక్కువ. గచ్చులో ఇంకిన ద్రవాన్ని ఎలా తీస్తారో తెలుసా? మైదాపిండితో. బేకింగ్ పౌడర్ కలవని మైదా గాని సున్నం గాని ఆ చోట చల్లి, 20 నుంచి 30 నిమిషాలు వదిలేసి, ఎత్తి డబ్బాలో వేస్తారు. పిండి ద్రవాన్ని పైకి లాగుతుంది. స్క్రీన్ మీద ఎంత బాగుంటుందో చూడండి, నల్లగా మాడిన గదిలో ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని ముగ్గు వేస్తున్నట్టు పిండి చల్లుతుంటే!

కుక్కల సంగతి కూడా ఒక ముక్క. డాగ్ స్క్వాడ్ కుక్క కూర్చుని సైగ చేస్తే కథలో కేసు తేలిపోతుంది. నిజంలో అది ‘ఇక్కడ శాంపిల్ తీయండి’ అని చెప్పడం, అంతే. ల్యాబ్ నిర్ధారించని కుక్క సైగని 921 కూడా నమ్మదగ్గ సాక్ష్యంగా ఒప్పుకోదు.

ఇప్పుడు మన కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడి టీషర్టు పెట్రోల్ వాసన కొట్టింది. ఫైర్‌స్టేషన్‌లో పనిచేసేవాడి చొక్కా ఇంకేం వాసన కొట్టాలండీ? చేత్తో మోసుకెళ్లే పంపులు, కోసే రంపాలు, జనరేటర్, అన్నిటికీ పెట్రోల్ పోసేది వాళ్లే. అంతకంటే ప్రమాదం, ఆ బూట్లతోనే కాలిన గదిలో తిరుగుతారు. జనరేటర్‌ని గుమ్మం దగ్గర పెట్టి అక్కడే పెట్రోల్ పోశారనుకోండి, రేపు గుమ్మం శాంపిల్లో దొరికేది అదే. ఎపిసోడ్‌లో ఈ సంగతి గుర్తొచ్చేది హీరోకి కాదు, ఆ రాత్రి జనరేటర్ నింపిన మనిషికి రావాలి. చెబితే తన నిర్లక్ష్యం బయటపడుతుంది, చెప్పకపోతే తోటివాడు జైలుకి పోతాడు. పక్క ఊరి విలన్ కంటే ఇది గట్టి సంఘర్షణ అని నా నమ్మకం.

అలిబి, అంటే ఆ సమయానికి తను అక్కడ లేడన్న రుజువు, దాని గురించి కూడా. ‘కుర్రాడు 9:40కి అక్కడి నుంచి వెళ్లాడు, 9:52కి ఫోన్ వచ్చింది, పన్నెండు నిమిషాల్లో ఇంత మంటా? పెట్రోలే’ అంటారు. నాలుగు నిమిషాల్లో ఫ్లాషోవర్ అయ్యే గదికి పన్నెండు నిమిషాలంటే చాలా ఎక్కువ. అంటే వాడు వెళ్లిపోయాక కూడా మంట మొదలై ఉండొచ్చు. ఇక ఆ 9:40 ఎక్కడిది? సీసీ కెమెరా డీవీఆర్‌ది, అంటే ఫుటేజ్ రికార్డయ్యే పెట్టెది. డీవీఆర్ గడియారాలు నిమిషాలు, ఒక్కోసారి గంటలు తేడాగా నడుస్తాయి. ఫుటేజ్ తీసుకునేటప్పుడు డీవీఆర్ తెర మీది టైమ్‌నీ, పక్కన ఫోన్‌లో టైమ్‌నీ ఒకే ఫొటోలో తీసిపెట్టుకోవాలి. అదొక్కటి మరిచిపోతే ఏ నిమిషాల లెక్కా నిలవదు.

అయితే టీమ్ మనిషి ఎప్పుడూ అమాయకుడే అనుకోకండి. కాలిఫోర్నియాలో గ్లెన్‌డేల్ ఫైర్ కెప్టెన్ జాన్ ఓర్, స్వయంగా పేరుమోసిన ఆర్సన్ ఇన్వెస్టిగేటర్. 1987 జనవరిలో ఫ్రెస్నోలో ఇన్వెస్టిగేటర్ల సదస్సు జరిగిన రోజుల్లో ఆ దారి పొడుగునా దుకాణాల్లో మంటలు లేచాయి. బేకర్స్‌ఫీల్డ్‌లో మార్విన్ కేసీ అనే కెప్టెన్‌కి, నిప్పు పెట్టడానికి వాడిన పరికరం కాలగా మిగిలినదాంట్లో, పసుపు కాగితం మీద ఒక వేలిముద్ర దొరికింది. ఇది మనవాళ్లలో ఒకడి పనేనని ఆయన అంటే ఎవరూ ఒప్పుకోలేదు. 1989లో మళ్లీ ఒక సదస్సు, మళ్లీ మంటలు. రెండు సదస్సులకీ వెళ్లిన పదిమంది పేర్లు తీసి వేలిముద్ర పోల్చారు. కలవలేదన్నారు. ఓర్ ఆ పదిమందిలో ఉన్నాడు! నిపుణుడి కన్ను తప్పింది. 1991లో మళ్లీ చూస్తే కలిసింది. 1992లో ఫెడరల్ కోర్టులో శిక్ష పడింది. 1984లో సౌత్ పసడీనాలో ఒక పెద్ద దుకాణం కాలి నలుగురు చనిపోయిన కేసులో 1998లో జీవితఖైదు పడింది. ఆ 1984 మంటని మొదట అధికారులు కరెంటు ప్రమాదమన్నారు. కాదు, ఎవరో పెట్టారని పట్టుబట్టినవాడు ఓరే. ‘మనవాడు అలాంటివాడు కాదు’ అన్న వాక్యం ఒక అమాయకుణ్ణి కాపాడగలదు, ఒక ఓర్‌ని కూడా ఏళ్లపాటు కాపాడగలదు. కాబట్టి మీ టీమ్‌కి ఆ వాక్యం సరిపోదు. కేసీ చేసినట్టు పేర్ల పట్టిక తయారుచేసి, అందులో తన స్నేహితుడి పేరు కూడా రాయాలి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక పెద్ద తేడా ఉంది. అమెరికాలో చాలాచోట్ల ఫైర్ డిపార్ట్‌మెంట్‌కే సొంత ఇన్వెస్టిగేటర్లుంటారు, కొందరికి అరెస్టు అధికారం కూడా ఉంటుంది. అందుకే అక్కడ కెప్టెన్‌కీ, ఇన్వెస్టిగేటర్‌కీ, నిందితుడికీ ఒకే కప్పు కింద గొడవ పుడుతుంది. మన దగ్గర ఫైర్‌స్టేషన్ ఆర్పి రిపోర్ట్ ఇస్తుంది. నేర దర్యాప్తు పోలీసులది. సంఘటన స్థలానికి వచ్చేది క్లూస్ టీమ్. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 326 చూడండి. నిప్పు పెట్టి ఆస్తి నష్టం చేస్తే ఏడేళ్ల వరకు, నివసించే ఇల్లో, గుడో తగలబెడితే పదేళ్లు లేదా యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 176 చెబుతోంది. దాన్ని అమలుకు తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువుంది. కాబట్టి ఈ రోజుల కథలో ఎస్సై ఒక్కడే వెళ్లి బొగ్గు కవర్లో వేసుకొచ్చాడంటే, డిఫెన్స్ లాయర్‌కి మొదటి ప్రశ్న మీరే రాసిచ్చినట్టు. చివరి సీన్‌లో విలన్ స్టేషన్‌లో కూలబడి ‘నేనే తగలబెట్టాను’ అని ఏడుస్తాడు చూశారా, పోలీసుల ముందు చేసిన ఆ ఒప్పుకోలు కోర్టులో అతని మీద రుజువుగా చెల్లదు. మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లండి, లేదా వేరే సాక్ష్యం వెతకండి.

ఇక ప్రశ్నలు.

(ప్రశ్న: పెట్రోల్ మడుగులోకి హీరో సిగరెట్ విసిరే షాట్...)

తీసేయండి. (నవ్వులు) అమెరికా ప్రభుత్వ ల్యాబ్‌లో వెలుగుతున్న సిగరెట్లను పెట్రోల్ ఆవిరిలోకి వేలసార్లు పెట్టి చూశారు. ఒక్కసారి కూడా అంటుకోలేదు. అగ్గిపుల్ల, లైటర్, స్విచ్‌లో స్పార్క్, వీటితో అంటుకుంటుంది. అలాగని బంకులో సిగరెట్ వెలిగించకండి. వెలిగించడానికి వాడేది అగ్గిపుల్లే కదా. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల పట్టుకుని పాకుతుంది. పోసినవాడే వెలిగించబోయి కాలిపోవడం ఎక్కువగా అందుకే. నిందితుడి ముంజేతుల మీద వెంట్రుకలు మాడాయా లేదా అన్నది రాసుకోదగ్గ వివరం. కాకపోతే మంటలు ఆర్పినవాడికీ మాడొచ్చు.

(ప్రశ్న: చివరికి ‘కారణం తేలలేదు’ అని ముగిస్తే ప్రేక్షకుడు ఒప్పుకుంటాడా? ఛానల్ ఒప్పుకోదు.)

ఛానల్ సంగతి మీకే బాగా తెలుసు. ప్రేక్షకుడికి కావల్సింది కుర్రాడు బయటపడ్డాడా లేదా. దానికి నిప్పు కారణం తేలక్కర్లేదు, వాడి మీది సాక్ష్యం కూలితే చాలు. కారణం ‘తేలలేదు’ అన్న రిపోర్టుతో వాడు డ్యూటీకి తిరిగొస్తే, స్టేషన్‌లో ఇద్దరు ముగ్గురు ఇంకా వాడివైపు అదోలా చూస్తూనే ఉంటారు. తర్వాతి పది ఎపిసోడ్లకి మీకు సరుకు దొరికినట్టే.

(ప్రశ్న: వాడు బయటపడటానికి తెరమీద చూపించగలిగే ఒకే ఒక్క వస్తువు చెప్పమంటే?)

ఇందాకటి మైదాపిండి. గుమ్మం దగ్గర గచ్చు మీద పిండి చల్లారు, డబ్బాలో ఎత్తారు, ల్యాబ్ పెట్రోలియం అవశేషం ఉందంది. కుర్రాడు జైలుకెళ్లాడు. కానీ పద్ధతి ప్రకారం ఇంకో డబ్బా ఉండాలి. అదే ప్యాకెట్లోంచి తీసిన, నేలమీద చల్లని శుభ్రమైన పిండి. పిండే ముందు నుంచి పాడై ఉందేమో తేల్చడానికి. ఎవరూ దాన్ని ల్యాబ్‌కి పంపలేదు, స్టోర్ రూమ్‌లో ఉండిపోయింది. ఆ ప్యాకెట్ ఆ రాత్రి ఎక్కడ పెట్టారు? ఫైరింజన్ వెనక, పెట్రోల్ క్యాన్ పక్కన, మూతి విప్పి. రెండో డబ్బా తెరిచి పరీక్షిస్తే మొదటి డబ్బాలో వచ్చిన గ్రాఫే వస్తుంది. కెమెరా దగ్గరికి తీసుకెళ్లినప్పుడు డబ్బా మీద లేబుల్ చదవగలిగేలా ఉండాలి. తేదీ, టైమ్, ఎక్కడ తీసింది, ఎవరు తీసింది, పంచుల, అంటే పంచనామా సాక్షుల, సంతకాలు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వాళ్లు అక్కడ ఖాళీ స్టిక్కర్ అంటిస్తారు, చూసుకోండి.